లక్క కాదు, జీడి: చారు గిన్నె కోసం కార్డిఫ్ దాకా

ఈ ప్రయాణానికి మూలం ఒక పిల్లల కప్పు. దానికొక మూత, మూతకి ముక్కు, రెండు పక్కలా చెవులు, ముందువైపు నీలం రంగు ఏనుగు బొమ్మ. పోయిన వేసవిలో లండన్ పక్కన స్లౌలో సత్యమూర్తి గారింటికి భోజనానికి వెళ్ళినప్పుడు, వచ్చినవాళ్ళంతా చూస్తుండగా ఆయన దాన్ని మా ఆవిడ సుభద్ర చేతిలో పెట్టారు. "కార్పెట్ కొత్తదమ్మా, ఏమీ అనుకోకు. మా మనవడిదేలే, శుభ్రంగా కడిగాం" అన్నారు. సుభద్రకి కొంతకాలంగా చేతులు వణుకుతున్నాయి. ఏదైనా పట్టుకోబోతే ఆ వణుకు ఇంకా ఎక్కువవుతుంది. ఇది పోయేది కాదు, అలవాటు చేసుకోవాలని మా జీపీ డాక్టరు చెప్పేశాడు. ఆ రోజు ఆమె ఏమీ అనుకోనట్టే ఆ ఏనుగు కప్పు ముక్కులోంచి చారు తాగింది. గదిలో ఎవరో నవ్వాపుకున్న చప్పుడు నాకు వినిపించింది. ఆమెకీ వినిపించే ఉంటుంది. అప్పట్నుంచి ఇంకొకరి ఇంట్లో ఆమె మెతుకు ముట్టలేదు.

సత్యమూర్తి గారు ఈ బ్లాగు చదువుతారు. చదివి, అచ్చుతప్పులు ఏరి, వాటిని పదిమందికి పంపుతారని కూడా నాకు తెలుసు. అందుకే ఈసారి ప్రతి మాటా చూసుకుని రాస్తున్నాను. కొన్ని వారాల కిందట మళ్ళీ వాళ్ళింటినుంచి పిలుపొచ్చింది. ఈ శనివారం వ్రతం, తర్వాత భోజనాలు. "మీరెళ్ళి రండి, నాకు మోకాళ్ళ నొప్పని చెప్పండి" అంది సుభద్ర. మోకాళ్ళు ఆమెకి నాకంటే బాగున్నాయి. ఆమె చేత్తో ఆమె చారు తాగగలిగే గిన్నె ఒకటి ఈ దేశంలో ఎక్కడో ఉండకపోదని ఆ పూటే నిర్ణయించుకున్నాను. స్టీలు గిన్నె వేళ్ళు కాలుస్తుంది. పింగాణీ బరువు, జారిందా ముక్కలే. చెక్క తేలిక, వేడిని చేతికి తెలియనివ్వదు. జపాను వాళ్ళు చెక్క గిన్నెని రెండు చేతులతో పైకెత్తి, అంచు పెదవికి ఆనించి, చప్పుడు చేస్తూనే తాగుతారు. చారు జుర్రుకోవడం మనకే తెలుసనుకుంటాం గానీ, ఆ విద్యలో వాళ్ళూ మనకి తీసిపోరు.

అయితే ఒక పీటముడి ఉంది. కౌన్సిల్ వాళ్ళు నేను పనిచేసే లైబ్రరీ మూసేసి నన్ను ఇంటికి పంపిన కొత్తలో, ఏం తోచక, జపాను చెక్క గిన్నెల మీద మన తెలుగు సంఘం పత్రికకి ఒక వ్యాసం రాశాను. ఆ పత్రిక సంపాదకులు సత్యమూర్తి గారే. జపాను పూత ఉరుషి అనే చెట్టు సొన. ఆ చెట్టు మన మామిడి, జీడిమామిడి, నల్లజీడి కుటుంబంలోదే. మామిడికాయ ముచ్చిక విరిస్తే చిమ్మి మూతి కాల్చే సొనకి అది దగ్గరి చుట్టం. నేను 'సొన' అని రాసిన ప్రతిచోటా ఆయన కొట్టేసి 'లక్క' అని దిద్దారు. ఇలాంటి పూతని ఇంగ్లీషులో లాకర్ అంటారు, దానికి తెలుగు లక్కే కదా, అంతమాత్రం తెలీదా అన్నారు. లక్క పురుగు నుంచి వస్తుంది, వేడి తగిలితే మెత్తబడుతుంది. ఈ సొన ఒకసారి గట్టిపడిందంటే మళ్ళీ కరగదు. ఎంత చెప్పినా వినలేదు. వ్యాసం కింద నా పేరు, లోపల ఆయన అజ్ఞానం. సుభద్ర నా రాతల్లో చదివేవి తక్కువ, అది మాత్రం చదివింది. ఆమెది యలమంచిలి దగ్గర ఊరు. చిన్నప్పుడు ఏటికొప్పాక లక్కపిడతలతో ఆడుకున్న మనిషి. ఒకసారి బొమ్మల పెళ్ళికి లక్కపిడతలో వేడి పాయసం పోసిందట. రంగు మెత్తబడి పాయసం ఎర్రగా అయింది, అమ్మ చేతిలో వీపు అంతకంటే ఎర్రగా అయింది. "లక్క గిన్నెలో వేడి చారా? కరిగి కడుపులోకి పోద్ది" అని ఇప్పుడు ఆమె వాదన. అది లక్క కాదంటే, "మీ పేరుతో అచ్చులో ఉంది కదండీ" అంటుంది. ఒక మూర్ఖుడు దిద్దిన మాట మా వంటింటి దాకా వచ్చి కూర్చుంది.

ముందు లండన్ దుకాణాలు చూశాను. జపాను గిన్నెలని అమ్మేవాటిలో సగానికి ప్లాస్టిక్ రంగు పూసి ఉంది. కొన్నిటికి చెక్క కూడా చెక్క కాదు, చెక్కపొడి కలిపిన ప్లాస్టిక్. ఇలాంటి గిన్నెల్ని మైక్రోవేవ్‌లో పెట్టొచ్చని వీడియో చేసిన మన తెలుగు యువతి ఒకామె ఉంది. ఆమె మాట నమ్మి అసలు ఉరుషి గిన్నెని మైక్రోవేవ్‌లో పెడితే పూత బుడగలొచ్చి, చెక్క పగిలి, ఆ గిన్నె ఇక దేనికీ పనికిరాదు. చివరికి వేల్స్‌లోని కార్డిఫ్‌లో హరుకో అనే ఒక జపాను ఆవిడ సొంతంగా గిన్నెలు చేస్తుందని తెలిసి ఫోన్ చేశాను. "తాగేవాళ్ళని తీసుకొస్తేనే రండి. చేతులు చూడకుండా గిన్నె ఇవ్వను" అంది. మాట విరుపు పూర్తిగా వేల్స్ వాళ్ళదే. లాకర్ కోసం కార్డిఫ్ వెళ్తున్నామని పక్క ఫ్లాట్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాడితో అంటే, "ఏ బ్యాంకులో అంకుల్?" అన్నాడు. మన నోట పలికితే పూత లాకరూ, బ్యాంకు లాకరూ ఒకటే కదా, పాపం అతని తప్పు లేదు.

సుభద్రని బయల్దేరదీయడానికి నాకు ఒక పూట పట్టింది. "రైలెక్కి సముద్రం దాటి గిన్నె కోసమా?" అంది. సముద్రం కాదు, ఒక ఏరు మాత్రమేనన్నాను. చివరికి ఒక షరతు పెట్టింది: ఫ్లాస్కులో మన చారు పట్టుకెళ్దాం, అందులో పోసి చూద్దాం, రంగు వదిలితే అక్కడే పారబోసి వచ్చేద్దాం. ఆ షరతు నాకు బాగానే ఉందనిపించింది. మా ఇల్లున్న ఈస్ట్ హామ్‌లో పొద్దున్న ఆఫీసు రద్దీ తగ్గాక డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కి, వైట్‌చాపెల్‌లో ఎలిజబెత్ లైన్‌కి మారి, పాడింగ్టన్‌లో దిగాం. దారంతా లిఫ్టులున్నాయి కాబట్టి పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి ఇదే సుఖమైన దారి. అక్కణ్ణుంచి కార్డిఫ్ దాదాపు రెండు గంటలు. టికెట్లు ముందే తీసుకుని సీనియర్ రైల్‌కార్డు చూపిస్తే మూడోవంతు తగ్గుతుంది. అప్పటికప్పుడు స్టేషన్లో కొంటే మాత్రం ఈ దేశపు రైల్వేలని తిట్టుకోవడానికి మీకు నా సాయం అక్కర్లేదు.

రైలు స్లౌలో ఆగలేదు. సుభద్ర కిటికీ వైపు నుంచి మొహం తిప్పుకుని ఫ్లాస్కు మూత బిగించుకుంది. నేను అక్కడి ట్రేడింగ్ ఎస్టేట్ ఫ్యాక్టరీల పైకప్పుల్ని చూస్తూ, శనివారం ఎలా జరగాలో మనసులో కట్టుకుంటున్నాను. నిగనిగలాడే నల్లటి గిన్నె, అద్దంలాంటి పూత. సుభద్ర దాన్ని సంచిలోంచి తీసి బల్ల మీద పెడుతుంది. సత్యమూర్తి గారు నోరు తెరుస్తారు. "ఇది లక్క కాదండీ" అని నేను మెల్లగా మొదలుపెడతాను. ఆ ప్రసంగం రెడింగ్ దాటేసరికి తయారైపోయింది, స్విండన్ దగ్గర ఇంకాస్త పదును పెట్టాను. సెవర్న్ నది కింద సొరంగంలోకి రైలు దూరగానే కిటికీ అద్దం నల్లబడి, అందులో మేమిద్దరం కనిపించాం. ఒళ్ళో ఫ్లాస్కు మీద ఆమె చేతులు కదులుతూనే ఉన్నాయి. ఆమె వాటిని పైట కిందికి లాక్కుంది.

కార్డిఫ్ స్టేషన్ బయట టాక్సీ ఎక్కాం. డ్రైవరు బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ వాళ్ళబ్బాయి. ఎక్కీ ఎక్కగానే గాలి పీల్చి, "ఆంటీ, ఏంటది? దాల్ వాసనొస్తోంది" అన్నాడు. ఇంగువ వాసన ఏ ఫ్లాస్కూ ఆపలేదు. దాల్ కాదు, చారని సుభద్ర తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. "హాస్పిటల్‌కా ఆంటీ? మీవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అనడిగాడు. గిన్నెకి పెడదామని తీసుకెళ్తున్నానంది. అతను అద్దంలోంచి నన్ను చూశాడు. ఆమె చెప్పింది నిజమేనని తలూపాను. "నా పెళ్ళయ్యాక నేనూ ఇలాగే మా ఆవిడ చెప్పిన చోటికల్లా బండి తోలతాను అంకుల్" అని పెద్దగా నవ్వాడు.

హరుకో పనిచేసే చోటు ఊరి చివర పాత గోదాముల వరుసలో ఒక షెడ్డు. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. భర్త వేల్స్ మనిషి, పోయారట. జపాను వాళ్ళంటే మనం ఊహించుకునే వంగి నమస్కారాలు, మెత్తని మాటలు ఏమీ లేవు. తలుపు తీస్తూనే సుభద్ర రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసింది. "ఎప్పట్నుంచి? రెండూ ఒకేలాగా? పొద్దునా, సాయంత్రమా?" అని కూరగాయల బేరంలా అడిగింది. సుభద్ర జవాబులు చెబుతుంటే నేను ఇంగ్లీషు చేశాను. బయట వాన మొదలైంది. "మంచిదే. ఈ సొన ఎండకి ఆరదు, తడిగాలికి గట్టిపడుతుంది. కార్డిఫ్ వాన నాకు జీతం లేని నౌకరు" అంది హరుకో. గోడకున్న అలమారాలో పూత పూసిన గిన్నెలు తేమలో ఊరుతున్నాయి.

ఇక పూతల సంగతి. ఆవిడ బల్ల మీద వరసగా పెట్టి చూపించింది. మొదటిది తుడుపు పూత: సొన రాసి గుడ్డతో తుడిచేయడం, మళ్ళీ రాయడం, మళ్ళీ తుడవడం. కింద చెక్క గీతలు కనిపిస్తాయి, తేనె రంగు. వీటిలో ధర తక్కువ, అరిగితే మళ్ళీ పూయించుకోవచ్చు, రోజువారీ వాడకానికి సరైనది. రెండోది అద్దం పూత: పొర మీద పొర వేసి, బొగ్గుతో నూరి, చివరికి అరచేత్తో మెరుగుపెడతారు. నల్లటి నీటిలా ఉంటుంది. చెంచా తగిలితే గీత పడుతుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. మూడోది మెరుపు లేని ఎరుపు, చూడ్డానికి కుంకుమ భరిణెలా ఉంది. నేను వెతుక్కుంటూ వచ్చింది బల్ల చివర ఉంది. నల్లటి అద్దం. హరుకో కూడా దాన్నే నా వైపు తోసింది. "ఇది నా చేతి గొప్ప. దీని పక్కన పెడితే మిగతావన్నీ వంటింటి సామాను" అంది. ఇద్దరికీ ఒకటే నచ్చింది, ఇక పని అయిపోయిందనుకున్నాను.

సుభద్ర దాన్ని ముట్టుకోలేదు. "లక్కేనా అడగండి" అంది.

"ఎన్నిసార్లు చెప్పాలి? లక్క కాదు. జీడి, నల్లజీడి లాంటిది."

"జీడా!" అని చేతులు వెనక్కి లాక్కుంది. "చాకలాళ్ళు బట్టలకి గుర్తెట్టే జీడా? ఒంటికి తగిలితే బొబ్బలెక్కుద్ది. దాంట్లో చారోసి మూతెట్టమంటారా నన్ను? లక్కే నయం గదండీ!"

ఇన్నేళ్ళూ నేను పోట్లాడిన మాట గెలిచింది. గెలిచి నా నెత్తి మీదే పడింది. హరుకోకి విషయం చెప్పాను. మా ఊళ్ళో ఇలాంటి చెట్టుంది, దాని గింజల రసంతో బట్టల మీద చెరగని గుర్తులు పెడతారు, మా ఆవిడ దానికి భయపడుతోందన్నాను. ఆవిడ పగలబడి నవ్వి చొక్కా చేయి పైకి మడిచింది. మోచేతి కింద పాత దద్దుర్ల మచ్చలు. "మీ ఆవిడ చెప్పింది నిజం. పచ్చి సొన నన్ను ఇప్పటికీ కరుస్తుంది. ఒక్కసారి గట్టిపడితే ఇక కరవదు. మామిడి సొనకి ఒళ్ళు బాగా వాచేవాళ్ళు మాత్రం నాకు ముందే చెప్పాలి, వాళ్ళకి చెక్క మీద నూనె రాసి ఇస్తాను" అంది. సుభద్ర ఆ మచ్చల్ని వేలితో తడిమి చూసింది. "మామిడికాయలు కోస్తే మా అమ్మకీ ఇలాగే అయ్యేది. ఆవకాయ మానేసిందేటి?" అంది, నాతో కాదు, తనతో తనే. తర్వాత ఫ్లాస్కు మూత తిప్పింది.

షెడ్డంతా మిరియాల వాసన, ఇంగువ వాసన. చారు పొగలు పోయేదాకా ఆగి, ముందు నల్ల గిన్నెలో పోశాం. రంగు వదల్లేదు, ఏమీ కాలేదు. సుభద్ర దాన్ని రెండు చేతులతో ఎత్తింది. పైకప్పున ఉన్న ట్యూబులైటు ఆ నలుపు మీద తెల్లటి గీతలా పడింది. గిన్నె కదలగానే ఆ గీత కూడా కదిలింది. కదలడం కాదు, గజగజలాడింది. మామూలు గిన్నెలో ఎవరికీ కనిపించని వణుకు అందులో దీపం పెట్టి చూపించినట్టు కనిపించింది. నునుపు మీద వేళ్ళు జారి, చారు అంచు దాటి ఆమె ముంజేతి మీదికి వచ్చింది. గిన్నె దించేసింది. "మంచి అద్దమే. నేను మొహం చూసుకోడానికి రాలేదు" అంది.

నేను ఊరుకోలేదు. తువ్వాలు చుట్టి పట్టుకోవచ్చు, అలవాటు మీద సర్దుకుంటుంది, ఇంత అందమైనది ఇంకెక్కడా దొరకదన్నాను. "సత్యమూర్తి వాళ్ళింట్లో బల్ల మీద పెడితే..." అన్నాను.

"బల్ల మీద పెట్టుకోడానికైతే మీరు కొనుక్కోండి. తాగేది నేను" అంది. ముంజేయి కొంగుతో తుడుచుకుని, "ఆ రోజు ఆ కప్పు నా చేతికిచ్చింది ఆయన. ఇది నా చేతికిస్తున్నది మీరు. ఇద్దరూ నన్నడిగారేటి?" అంది.

హరుకోకి ఇది ఇంగ్లీషు చెయ్యలేదు, చెయ్యకుండానే ఆవిడకి అర్థమైనట్టుంది. సుభద్ర లేచి షెడ్డులో తిరిగి, కిటికీ కింద అరలోంచి ఒక గిన్నె తీసింది. బయటివైపు ముదురు గోధుమరంగు, మెరుపు లేదు, మీద గుడ్డ నేత స్పష్టంగా తెలుస్తోంది. చెక్క పగలకుండా కింద నారగుడ్డ అతికించి, దాని మీద పూత వేస్తారట. మామూలుగా ఆ నేతని పైపొరలతో కప్పేస్తారు. ఇందులో కప్పకుండా వదిలేశారు. లోపల నున్నగా, కాస్త లేత రంగులో ఉంది. హరుకో మొహం చిట్లించింది. "అది ఎవరూ అడగరు. ఫోటోలో బాగుండదు" అంది.

"పొందూరు పంచెలా ఉంది. చేతికి పట్టు దొరికింది" అంది సుభద్ర. చారు పోయించుకుంది. గుడ్డ గరుకు మీద వేళ్ళు నిలిచాయి. వణుకు పోలేదు, ఉంది. కానీ మెరుపు లేని ఆ గిన్నె దాన్ని ఎవరికీ చాటలేదు. అడుగున కరివేపాకు, ఆవగింజలు కనిపిస్తున్నాయి. ఎత్తి, అంచు పెదవికి ఆనించి, చప్పుడు చేస్తూ మొత్తం తాగేసింది. "మిరియం కాస్త తక్కువైంది" అంది. హరుకో తనకీ కావాలని తుడుపు పూత గిన్నె చాపింది. తాగి, మిరియం సరిపోయింది, పులుపే ఎక్కువైందని చెప్పింది. వాళ్ళిద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే చాలాసేపు దాని మీద తగువు పడ్డారు. ధర నల్లదానిలో సగం కంటే తక్కువ. ఒక మంచి బూట్ల జతకి పెట్టేంత.

తిరుగు రైలులో ఎదురుగా ల్యాప్‌టాప్‌తో ఒక తెల్ల దొర కూర్చున్నాడు. రెడింగ్ దాటాక సుభద్ర సంచిలోంచి గిన్నె తీసి, మిగిలిన చారు పోయమంది. అప్పటికి చల్లారిపోయింది. రైలు ఊగుతోంది, ఆమె చేతులూ ఊగుతున్నాయి. రెండు ఊపులూ కలిసిపోయి ఏది దేనిదో తెలియలేదు. సరిగ్గా స్లౌ స్టేషన్ కిటికీ బయట దూసుకుపోతుండగా ఆమె జుర్రిన చప్పుడుకి దొర తలెత్తి చూశాడు. సుభద్ర కూడా అతన్ని చూసింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. మూతి తుడుచుకుని, "శనివారం ఎన్నింటికన్నారు?" అని నన్నడిగింది.

నేను స్విండన్ దగ్గర తయారు చేసుకున్న ప్రసంగం ఇంకా నా దగ్గరే ఉంది. అందులో వృక్షశాస్త్రం ఉంది, మాటల పుట్టుక ఉంది, వ్యాసాన్ని పాడు చేసిన సంపాదకుడికి చెప్పాల్సినవన్నీ ఉన్నాయి. ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. లక్క లక్కే, జీడి జీడే. అయితే అది శనివారం చెప్పడం లేదు. అక్కడికి వెళ్ళేది సుభద్ర. గిన్నె ఆమెది, చారు ఆమెది, సంచి కూడా ఆమే పట్టుకుంటానంది. నేను ఎస్కార్టుని. ఇంట్లో కూర్చుని పుస్తకాలు తిరగేసి పూతల గురించి నాకు తెలిసిందంతా చూసేవాడి తెలివి. పట్టుకునే చేతికి ఏ పూత కావాలో ఆ చేతిని అడిగితేనే తెలుస్తుంది. సత్యమూర్తి గారూ, కార్పెట్ మీద భయముంటే ఆ రోజుకి చుట్టి పక్కన పెట్టించండి. మా ఆవిడకి కప్పు వెతకనక్కర్లేదు, ఆమె గిన్నె ఆమె తెచ్చుకుంటుంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. కొత్త ఉరుషి గిన్నెకి ముక్కుకి తగిలే ఒక వాసన ఉంటుంది. సబ్బుతో రుద్దకండి, ఎండలో పెట్టకండి, నీళ్ళలో నానబెట్టకండి. బియ్యం డబ్బాలో పూడ్చి కొన్నాళ్ళు వదిలేయండి, ఆ వాసనని బియ్యం లాగేస్తుంది. జపాను ఇళ్ళలో ఇలాగే చేస్తారని హరుకో చెప్పింది. మాది ఇప్పుడు సోనామసూరిలో ఉంది. రోజూ బియ్యం కొలిచేటప్పుడు సుభద్ర దాన్ని పైకి తీసి, వాసన చూసి, "ఇంకా జీడి కొడుతోంది" అని మళ్ళీ పూడ్చేస్తోంది. ఆమె నోట లక్క అన్న మాట మాత్రం మళ్ళీ వినలేదు.